నూరు దాకా ఊపిరి

యాకయ్య రెండు చెవుల్లో ఆముదం పోసుకున్నాడు. తల అటొకసారి ఇటొకసారి వంచి, కారిందంతా అరచేత్తో రొమ్ముకు పట్టించాడు. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. కడుపు నిండితే ఊపిరి కురచవుతుంది. ముప్పై ఏళ్లుగా ఇది నియమం. ఆ యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఇంకో నియమమంటూ లేదు. చుట్ట కాలుస్తాడు, గుడుంబా తాగుతాడు, పెళ్లాన్ని తిడతాడు, ఎవడినీ ఖాతరు చేయడు.

వరంగల్ నుంచి ములుగు వెళ్లే రోడ్డు పక్కన బొల్లిచెరువుకు అతను నీరడి. తూము తీయడం, మూయడం, ఏదైనా అడ్డం పడితే మునిగి తీయడం అతని పని. పొట్టిగా, నల్లగా, పీపాలాంటి ఛాతీతో ఉంటాడు. కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. పద్నాలుగు అడుగుల లోతులో నూరు లెక్కపెట్టేదాకా ఉండగల మగాడు జిల్లాలో మరొకడు లేడని అతని నమ్మకం.

ఆ లెక్క పెట్టేది భద్రమ్మ.

అతను మునిగినప్పుడు నడుముకు కట్టిన తాడు రెండో కొస భార్య చేతిలో ఉంటుంది. తూము మీది రాతి పలకపై కూచుని, పెదవులు మాత్రం కదిలిస్తూ ఆమె లెక్కిస్తుంది. పది కాగానే ఒక చింతగింజ పక్కన పెడుతుంది. పది గింజలైతే నూరు. అప్పుడు తాడు గుంజాలి. తల పైకి తేలగానే అతను అడిగే మొదటి మాట ఒకటే: "ఎంతనే?"

"నూరు" అంటుంది ఆమె.

నాలుగేళ్ల కింద ఒకసారి తొంభైకే తేలాడు. ఆమె ఉన్నమాట చెప్పింది. రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు, అన్నం ముట్టలేదు. ఆ తర్వాత నుంచి భద్రమ్మ తొమ్మిదికే ఒక గింజ పెట్టసాగింది. మరుసటేడు ఎనిమిదికి. ఈ ఏడు ఆరుకు పెడుతోంది. గింజలు మాత్రం పదే. అతను గింజలే చూస్తాడు.

పందొమ్మిది వందల ఎనభై మూడు, అక్టోబరు. తూము కన్నంలో కొమ్మలతో సహా ఒక మోదుగ మొద్దు ఇరుక్కుని వారమైంది. కింద వరి పొట్ట మీద ఉంది. కాలువలో చుక్క నీరు లేదు.

ఇంజనీరు వెంకట్రాజం హన్మకొండ నుంచి జీపులో దిగాడు. మడత నలగని చొక్కా, నున్నగా దువ్విన తల. బురద చూసి బూట్లు విప్పాడు, మేజోళ్లు జాగ్రత్తగా వాటిలో కుక్కాడు, జీపు సీటు మీద పెట్టించాడు. చెరువుల మీద జీతం తింటున్న ఈ మనిషికి ఈత రాదు.

"రెండు దారులున్నయి యాకయ్యా" అన్నాడు. "వీపుకు గాలి డబ్బాలు కట్టుకొని దిగెటోళ్లు విశాఖపట్నంల ఉన్నరు. రాస్తే ఆరు రోజులల్ల కాజీపేటల రైలు దిగుతరు. కానీ నేను పైకి రాయాలె, వాళ్లు ఒప్పుకోవాలె, అదంత పెద్ద తతంగం. ఇగ రెండోది, నేను తెచ్చిన."

సంచిలోంచి ఒక రబ్బరు సామాను తీశాడు. ముక్కునూ కళ్లనూ కప్పే అద్దం, నోట్లో పెట్టుకునే వంకర గొట్టం. సముద్రపు ఒడ్డున పిల్లలు మొహం ముంచి చేపలు చూసుకునే వస్తువు. దాని కొసకు స్టేషన్ రోడ్డులోని మోటారు రిపేరు దుకాణంలో పద్దెనిమిది అడుగుల పైపు అతికించి, తీగతో బిగించారు.

"మా ఇంట్ల బకెట్ల మొకం పెట్టి చూసిన. ఐదు నిమిషాలు ఆరాంగ పీల్చిన."

ఈ ప్రయోగం సంగతి ఆయన గర్వంగానే చెప్పాడు. ఆయన దృష్టిలో బకెట్‌కూ చెరువుకూ తేడా లోతొక్కటే. ఆ లోతుకు పైపు కట్టించేశాడు. ఇంజనీరింగ్ అయిపోయింది.

యాకయ్య గొట్టాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. "ఏందిది సారూ, బర్రెకు మందు పోసే గొట్టమా?"

కట్ట మీద నిలబడ్డ ఐదుగురు రైతులూ పగలబడి నవ్వారు.

"నవ్వులాట కాదు. ఏది గావాల్నో నువ్వే చెప్పు. నీ మాటే రాస్త."

రైతుల్లో పెద్దవాడు సమ్మయ్య ముందుకొచ్చాడు. "ఇంకో వారం పొలం ఆగుతది యాకన్నా. ఆ డబ్బలోళ్లనే రానీయరాదు."

"వాళ్లొచ్చి నా తూము ముడుతరా?" యాకయ్య ఉమ్మేశాడు. "గాలి డబ్బాల మోసుకొచ్చెటోడు మొగోడేనా? నాకు డబ్బాలద్దు, గొట్టాలద్దు. నూరు దాకా ఊపిరున్నది."

"సార్" అంది భద్రమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఆ డబ్బలోళ్లనే పిలిపియ్యుండ్రి. మీకు దండం పెడుత."

"నువ్ నోర్ముయ్యవే!"

వెంకట్రాజం చిరునవ్వు నవ్వి డైరీ తీశాడు. సిలిండర్లు అవసరం లేదని సిబ్బందే చెప్పినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. పెద్ద తతంగం తప్పిందని ఆయన మొహం తేటపడింది.

పలక మీద నడుముకు తాడు కడుతూ భద్రమ్మ అతని చెవి దగ్గరికి వంగింది. "ఇగో, జర ఇను. నూరు లేదు. అరవయ్యే. నేను ఆరుకో గింజ పెడుతాన."

అతని చేయి ముడి మీదే ఆగింది. "ఎన్నాళ్లసంది?"

"నాలుగేండ్లు. మొద్దు కొమ్మలు ఇడిపిచ్చెటాలకు అరవై సాలది. అద్దని చెప్పు, నీ కాళ్లు మొక్కుత."

"దొంగముండా" అన్నాడు యాకయ్య. ఆ తిట్టులో రోజూ ఉండే జోరు లేదు.

వెనక్కి తిరిగి సమ్మయ్యతో ఒక్క మాట అంటే చాలు, డబ్బాలోళ్లనే రానీ అని. ఐదుగురు చూస్తున్నారు. అరవై అనే అంకె ఒప్పుకోవడం కంటే అతనికి ఏదైనా నయమే. ఆ ఏదైనా ఇంజనీరు చేతిలో వేలాడుతోంది.

"ఇటియ్యుండ్రి సారూ" అన్నాడు, ఉపకారం చేస్తున్నవాడిలా. "గంత కష్టపడి తెచ్చిన్రు. మీ ముచ్చట ఎందుకు కాదనాలె?"

"శాబాష్! ఇగ ఊపిరి బిగబట్టే పనే లేదు" అని వెంకట్రాజం పైపు పైకొసను తానే పట్టుకుని, ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

ముప్పై ఏళ్లుగా యాకయ్య మునిగే ముందు మూడుసార్లు రొమ్ము నిండా పీల్చి, మూడోది బిగించి దిగేవాడు. ఈసారి పీల్చలేదు. నోట్లో గొట్టం ఉంది కదా. మెట్లు దిగే మనిషిలా దిగిపోయాడు.

మోకాళ్ల లోతు నీళ్లు నెత్తి మీదికి వచ్చేదాకా గాలి వచ్చింది. ఇంకాస్త దిగాక పీలిస్తే రాలేదు. పైపు ఉంది, దాని కొసన బోలెడంత గాలి ఉంది. కానీ చెరువు రొమ్ము మీద కూర్చుంది. నిండిన ఛాతీతో రోజూ మోసిన బరువును ఖాళీ ఛాతీ ఒక్క అంగుళం లేపలేకపోయింది. గొట్టం ఊడబెరికి పైకి తన్నుకున్నాడు. నీళ్లలో పైకి లేచి ఉన్న మోదుగ కొమ్మకు నడుము తాడు మెలిక పడింది.

పైన వెంకట్రాజం చేతిలో పైపు రెండుసార్లు అదిరింది.

"ఇగో, పని చేస్తాండు!"

"గుంజుత సార్" అని లేవబోయింది భద్రమ్మ.

"ఆగమ్మా, పని ఖరాబ్ చెయ్యకు. గాలి పోతాంది గదా!"

పెద్ద చదువు చదివిన సారు. ఆమె కూచుంది. లెక్క అరవై కాగానే ఇక ఆగలేదు, గుంజింది. తాడు రాలేదు. సమ్మయ్య పంచెతోనే దూకాడు, వెనక ఇద్దరు దూకారు. తీసుకొచ్చి కట్ట మీద బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కారు. ముక్కులోంచి నీళ్లొచ్చాయి, అంతే. యాకయ్య "ఎంతనే?" అని అడగలేదు.

పొరపాటు గొట్టం ఊడబెరికిన యాకయ్యదేనని వెంకట్రాజం అదే డైరీలో రాసుకుని, కాళ్లు తుడుచుకుని మేజోళ్లు తొడుక్కున్నాడు.

డబ్బాలవాళ్లు ఏడో రోజు వచ్చారు. ఇద్దరు కుర్రాళ్లు. నవ్వుకుంటూ దిగి, పావుగంటలో మొద్దు తీసేశారు. కాలువలోకి నీళ్లు దూకాయి. సామాను సర్దుకుంటున్న ఒకడు పలక మీద ఏదో కాలికి తగిలి వంగి చూశాడు. చింతగింజలు. పదికొకటి చొప్పున, వరసగా ఆరు.