ఎనిమిదో ఇంటి కుజుడు

ఉజ్జయిని సింహపురి వీధిలో కృపాశంకర్ వ్యాస్ వేసిన జాతకానికి మళ్ళీ లెక్క కట్టే మొనగాడు లేడు. మిగతా జ్యోతిష్కులు ఆయన గీసిన పన్నెండు గళ్ళూ చూసి, కింద ఆయన సంతకం చూసి, ఇక ఆ పైన ఫలితం చెప్పడమే. ఆయనకీ ఆ సంగతి తెలుసు. తెలిసినవాడి నడకే వేరు కదా, గుడికి వెళ్ళినా దేవుడికి దర్శనం ఇవ్వడానికి వెళ్ళినట్టే ఉండేది.

శిష్యుల మీద మాత్రం నిప్పులు కురిపించేవాడు. ముఖ్యంగా యుద్ధకాలం గంట విషయంలో. రెండో ప్రపంచయుద్ధం నడిచిన రోజుల్లో తెల్లవాళ్ళు దేశంలో గడియారాలన్నీ ఒక గంట ముందుకు తిప్పించారు. అప్పుడు పుట్టిన పిల్లలకి, గడియారం చూపిన వేళలోంచి ఆ గంట తీసేశాకే లగ్నం కట్టాలి. తియ్యకపోతే లగ్నం పక్క రాశికి జరుగుతుంది, లగ్నం జరిగితే గ్రహాలన్నీ పక్కింట్లో కాపురం పెడతాయి. "ఆ గంట మరిచినవాడు గుళ్ళో గంట కొట్టడానికి కూడా పనికిరాడురా!" అని అరిచేవాడు.

ఆ రోజు పొద్దున పట్నీ బజారు బట్టల వ్యాపారి ఒకాయన పెళ్ళీడుకొచ్చిన తన పెద్దకొడుకు జాతకం వేయించుకోవడానికి వచ్చాడు. కుర్రాడు యుద్ధం రోజుల్లో వానాకాలంలో, రైల్వే ఆసుపత్రిలో, పొద్దున పది దాటాక పుట్టాడు. వ్యాస్‌జీ అలవాటుగా గంట తీసేసి లెక్క కట్టాడు. కన్యాలగ్నం వచ్చింది. కుజుడు వృషభంలో, తొమ్మిదో ఇంట్లో, భాగ్యస్థానంలో. "అదృష్టవంతుడు" అని పంపేశాడు.

పంపాక గుర్తొచ్చింది. అదే రోజు, అదే ఆసుపత్రిలో, ఇంచుమించు అదే వేళకి పుట్టిన పిల్ల ఇంకొకతె ఉంది. గుమస్తా గిరిజాదత్త్ కూతురు కుముదిని. ఆ పిల్లది తులాలగ్నం కదా, కుజుడు ఎనిమిదో ఇంట్లో కదా అనుకున్నాడు. ఆడపిల్ల జాతకంలో ఎనిమిదో ఇల్లంటే మాంగల్యం. అక్కడ కుజుడు కూర్చుంటే మొగుడు బతకడని శాస్త్రం.

మళ్ళీ కట్టి చూశాడు. కన్యాలగ్నమే వచ్చింది. అప్పట్లో తను గంట తియ్యలేదు. ఆ జాతకం వేసిన రోజు గిరిజాదత్త్ వేడి వేడి కచోరీలు తెచ్చాడు, ఇద్దరూ తింటూ కబుర్లలో పడ్డారు. అంతే, అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. వ్యాస్‌జీకి తల కొట్టేసినట్టయింది.

ఆ జాతకం ఆ పిల్లని ఏం చేసిందో వీధి వీధంతా చూసింది. వచ్చిన సంబంధమల్లా కుజదోషం అనగానే వెనక్కి తిరిగింది. దోషం పోవాలంటే ముందు కుండతో పెళ్ళి చెయ్యాలన్నదీ వ్యాస్‌జీయే, దగ్గరుండి చేయించిందీ ఆయనే. పందొమ్మిదేళ్ళ పిల్ల మట్టికుండకి దండ వేసి, దాని చుట్టూ తిరిగి, క్షిప్రా నదిలో దాన్ని పగలగొట్టి వచ్చింది. ఆ తరవాత వీధిలో పిల్లలు "కుండ పెళ్ళాం" అని పిలిచారు. పెద్దవాళ్ళు ఒక్కరూ కసరలేదు. గిరిజాదత్త్ ఆ బెంగతోనే పోయాడు.

ఇన్నాళ్ళకి ఒక సంబంధం కుదిరింది. దేవాస్‌లో లెక్కల మాస్టారు హరివల్లభ్. అతనికీ కుజదోషమే, మొదటి భార్య పోయింది. ఈసారి కోడలికి కూడా కుజదోషం ఉండాలనీ, లేకపోతే కొడుకు జాతకం ఈ పిల్లనీ మింగేస్తుందనీ అతని తల్లి చంపాబాయి పట్టుబట్టి వెతికి మరీ తెచ్చుకుంది. పెళ్ళి ఎల్లుండి.

వ్యాస్‌జీ చెప్పు ఒకటి వేసుకుని ఒకటి మరిచి పరిగెత్తాడు. కుముదిని డాబా మీద అప్పడాలు తిరగేస్తోంది. ఆయన పిట్టగోడ పట్టుకుని, ఎటో చూస్తూ, ఉన్నదంతా చెప్పేశాడు. తప్పు ఒప్పుకోవడం ఆయనకి అలవాటు లేని పని, మాటలు ముందువి వెనక, వెనకవి ముందు వచ్చాయి.

ఆమె చేతిలో అప్పడం చేతిలోనే ఉండిపోయింది.

"అంటే, నాకు కుజదోషం లేదా కాకాజీ?"

"లేదమ్మా. ఎప్పుడూ లేదు."

"మరి ఆ కుండ?"

ఆయన పిట్టగోడ సున్నం గోటితో గీకాడు. ఆమె అప్పడాన్ని జాగ్రత్తగా బట్ట మీద పరిచింది.

"ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"చెప్పకపోతే ఎలాగమ్మా? అతని కుజుడు బలవంతుడు. మొదటి భార్యని పొట్టన పెట్టుకున్నాడు. నీకు దోషం లేదని తెలిసీ నేను ఊరుకుంటే, నీ ప్రాణం…"

"ఆవిడ టైఫాయిడ్‌తో పోయింది."

"రోగం వంక మాత్రమే అమ్మా."

"కాకాజీ," అంది కుముదిని. గొంతు పెంచలేదు. "ఎనిమిదో ఇంట్లో కుజుడు లేడని మీరే అంటున్నారు. నా పెళ్ళిళ్ళు తప్పించింది వాడు కాదు. నన్ను కుండకి కట్టింది వాడు కాదు. మా నాన్నని చంపింది వాడు కాదు. మరి ఎవరు?"

భూమి చీలితే వ్యాస్‌జీ అందులోకి దూరిపోయేవాడే, కానీ ఆయన నిలబడింది డాబా మీద.

"మాస్టారు నన్ను చూడ్డానికొచ్చిన రోజు ఏమడిగారో తెలుసా? 'మీకు ముందు కుండతో అయిందట కదా, అది ఇంటి పనుల్లో సాయం చేసేదా' అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ కుండ తలుచుకుని నేను నవ్వడం అదే మొదటిసారి." ఆమె పైట చెంగుతో చేతులు తుడుచుకుంది. "ఆ మనిషి నాకు కావాలి. మీరిప్పుడు నోరు విప్పితే వాళ్ళమ్మ ఈ రాత్రికే కబురు పంపి మానేస్తుంది. మీ గుండె తేలికవుతుంది, నా బతుకు మళ్ళీ వీధిన పడుతుంది."

"అబద్ధం ఆడమంటావా తల్లీ?"

"ఇన్నాళ్ళూ తెలియక ఆడారుగా? ఎల్లుండి తెలిసి ఆడండి."

పెళ్ళినాడు, దండలు మార్చుకునే ముందు చంపాబాయి అందరినీ ఆపింది. మొండి ముసలిది, చెవులు కూడా సరిగ్గా వినపడవు. "మావాళ్ళంతా వినాలి. పండిత్‌జీ, పిల్ల కుజుడు ఎక్కడున్నాడో మీ నోటితో చెప్పండి."

సందడి అణిగింది. వ్యాస్‌జీకి ఇటు శాస్త్రం, అటు ఆ పిల్ల. శాస్త్రం నిజమైతే ఈ మాటతో ఆమెని చంపుతున్నాడు. నిజం కాకపోతే ఇన్నేళ్ళూ తను చేసిందేమిటి? ఏ వైపు చూసినా తనే దోషి. ముసుగు కింద కుముదిని కదలకుండా నిలబడింది.

"ఎనిమిదో ఇంట్లో" అన్నాడు.

"గట్టిగా!" అంది చంపాబాయి.

"ఎనిమిదో ఇంట్లో! మాంగల్యస్థానంలో! నేనే కట్టాను లెక్క!"

ఆయన గొంతు ఖంగున మోగింది. తడబాటు ఏ కోశానా లేదు, నిజం చెప్పిన రోజుల్లో కూడా అంత నిబ్బరంగా పలికి ఎరగడు. అది విని ఆయనకే సిగ్గేసింది. చంపాబాయి కళ్ళు తుడుచుకుని ఆయన భుజాల మీద శాలువా కప్పింది. "వ్యాస్‌జీ లెక్కంటే బ్రహ్మరాత" అన్నారెవరో. దండలు పడ్డాయి. హరివల్లభ్ ఏదో గొణిగాడు, ముసుగు కింద నుంచి చిన్న నవ్వు వినిపించింది.

వ్యాస్‌జీ భోజనానికి ఆగకుండా చెప్పుల కోసం వెతుక్కుంటుంటే దేవాస్ వాళ్ళ తాలూకు పడుచామె ఒకతె చంటిపిల్లని ఎత్తుకుని అడ్డం వచ్చింది.

"పండిత్‌జీ, మా పాపకి జాతకం వెయ్యాలి. ఇంకెవరి దగ్గరికీ వెళ్ళను. మీ చేత్తోనే కావాలి."

"వద్దమ్మా" అన్నాడు.

"అయ్యో, ఎందుకలా అంటారు?"

ఎందుకో చెబితే లోపల పెళ్ళి ఆగిపోతుంది. ఆయన మళ్ళీ చెప్పుల వైపు తిరిగాడు. ఆమె దాన్ని పెద్దవాళ్ళ బెట్టు అనుకుంది. వంగి, నిద్రపోతున్న పిల్ల తలని తెచ్చి ఆయన పాదాలకి ఆనించింది. చుట్టూ జనం చూస్తున్నారు. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకోలేకపోయాడు.