తుల్బా ముక్కు మూసుకుపోయిన వారం

రషీద్ అనే ఊళ్ళో, నది ఒడ్డు బజారులో తుల్బాది మూలికల కొట్టు. కొట్టు నిండా నలభై రేకు డబ్బాలు. ఒక్కదాని మీదా పేరు లేదు. "పేర్లు రాసుకోవడం ముక్కు లేనివాళ్ళ పని" అని వాళ్ళ తాత అన్నాడట, ఆ మాటే మూడు తరాలుగా నడుస్తోంది. మూత తీసి ఒక్కసారి పీల్చాడంటే అది శొంఠో సోంపో, ఏ ఏటి సరుకో కూడా తుల్బా చెప్పేసేవాడు.

ఆ ముక్కంటే అతనికి ఎంత పొగరంటే, పదకొండేళ్ళ కిందట అత్తగారింట భోజనానికి కూర్చుని, ములూఖియా ఆకు పులుసు గిన్నె మూత తీయకముందే "వెల్లుల్లి మాడింది" అనేశాడు. అత్తగారు హాజ్జా తఫీదా గరిటె కింద పెట్టేసింది. అదే ఆఖరు. ఉండేది రెండు వీధుల అవతలే అయినా అల్లుడి గడప మళ్ళీ తొక్కలేదు.

ఆ చలికాలం సముద్రం మీంచి గాలివాన మూడు రోజులు విడవకుండా కొట్టింది. నాలుగో రోజు ఊరు ఊరంతా తుమ్మడం మొదలెట్టింది. ఉన్ని శాలువాలు కప్పుకుని, చేతిరుమాళ్ళు ముక్కులకు అడ్డం పెట్టుకుని జనం తుల్బా కొట్టు ముందు బారులు తీరారు. సరిగ్గా ఆ ఉదయమే తుల్బా మొదటి డబ్బా మూత తీశాడు. వాసన లేదు. రెండోది తీశాడు. లేదు. నలభై తీశాడు. గోడను వాసన చూసినట్టే ఉంది. నాలిక మీద వేసుకుంటే గోడను నాకినట్టే ఉంది. మిరప్పొడి ఒక్కదాన్ని మాత్రం కళ్ళు పట్టుకున్నాయి.

భార్య ఇన్సాఫ్‌ను పిలిచాడు. ఆమె డబ్బాలో ముక్కు పెట్టి, లోపలి పొడంతా ఎగిరిపోయేలా తుమ్మింది.

ముక్కు పోయిందని చెబితే పరువు పోతుంది. అందుకని తుల్బా అందాజాగా పొట్లాలు కట్టాడు. దగ్గుకు జామాకు పొడి అడిగిన లెక్కల మాస్టారు ఫిక్రీకి పచ్చగా కనబడిన పొడి ఇచ్చాడు. మాస్టారు దాన్ని వేడినీళ్ళలో కలిపి రాత్రీ పొద్దునా పుక్కిలించాడు. మర్నాడు నారింజ రంగు మీసంతో వచ్చి నిలబడ్డాడు.

"తుల్బా, ఇది గోరింటాకు!"

"గొంతు ఎలా ఉంది బాస్టారూ?" అన్నాడు తుల్బా. ముక్కు మూసుకుపోయి 'మ'లన్నీ 'బ'లు, 'న'లన్నీ 'డ'లు అవుతున్నాయి.

మాస్టారు ఒకసారి గుటక వేసి చూసుకున్నాడు. "గొంతు బాగానే ఉందనుకో. కానీ పిల్లలు లెక్కలు మానేసి మీసం చూస్తున్నారు."

అంతటితో గుట్టు బయటపడింది. జనం తిట్టలేదు, బెంబేలెత్తారు. మందులన్నీ కళ్ళ ముందున్నాయి, ఏది ఏదో చెప్పే ముక్కు బజారులో ఒక్కటీ లేదు. పడవల సరంగు ఘరీబ్‌కు జలుబు రాలేదని ఎవరో అంటే పట్టుకొచ్చారు. అతను పది డబ్బాలు శ్రద్ధగా వాసన చూసి, "అన్నీ మత్తగవ చేపలే" అన్నాడు. యాభై ఏళ్ళుగా చేపల్లో బతికిన ముక్కు మరి.

అప్పుడు ఇన్సాఫ్ మెల్లగా అంది. "మా అమ్మ తుమ్మగా నేనెన్నడూ చూళ్ళేదు."

తుల్బా విననట్టు ఒక డబ్బా మూత బిగించాడు. కానీ వెనక అరవై మంది దగ్గుతున్నారు. ఏం చేస్తాడు, కదిలాడు. వీధంతా చీదుకుంటూ అతని వెంట నడిచింది.

హాజ్జా తఫీదా గుమ్మంలో కూర్చుని కమలాపండు ఒలుచుకుంటోంది. "అక్కడే ఆగండి, పది బారల దూరం!" అని అరిచింది. "తెల్లారగట్ల నది దాకా నడుస్తారా? నడవరు. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తారా? ఉహూ. తడి తలతో గాలికి కూర్చుంటారు. పైగా మనసులో మాట కడుపులో దాచుకుంటారు, అదే అసలు రోగం. నేనేదీ దాచుకోను. ఇదిగో, ఈ అల్లుడు గాడిద. చూశారా, ఎంత హాయిగా ఉందో నాకు!"

"హాజ్జా, డువ్వే దిక్కు," అన్నాడు తుల్బా.

"ముందు పులుసు సంగతి తేలాలి. అందరూ వినేలా చెప్పు."

తుల్బా నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఆ రోజు వెల్లుల్లి బాడలేదు."

"బాడటమా? అదేం మాటయ్యా, నేనెప్పుడూ వినలేదే!"

"బాడలేదు హాజ్జా! బాడలేదు!"

"అల్లుడు ఏమంటున్నాడర్రా?" అని ఆమె జనాన్ని అడిగింది.

"బాడలేదంటుడ్డాడు హాజ్జా!" అని అరవై మందీ ఒక్క గొంతుతో మొత్తుకున్నారు. ఆమెకు మొదటిసారే అర్థమైంది. అయినా మూడుసార్లు చెప్పించుకుంది. మూడోసారికి తుల్బాకు సిగ్గు పోయి, ఎందుకో నవ్వొచ్చింది. పదకొండేళ్ళుగా బిగపట్టిన ఊపిరి వదిలినట్టయింది.

ఆమెను కుర్చీతో సహా మోసుకెళ్ళి కొట్లో దింపారు. మూత తీయడం తుల్బా వంతు, చెప్పడం ఆమె వంతు. "శొంఠి. పాతది, సిగ్గు లేదూ? ఇది మెంతిపొడి. అతిమధురం. ఇది సోంపు, దీని పక్కన జీలకర్ర పెట్టిన తెలివి ఎవరిదీ?" ఇన్సాఫ్ బొగ్గుముక్కతో డబ్బాల మీద పేర్లు రాసుకుంటూ పోయింది. తుల్బా తాత ఆత్మకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాడు.

ఇరవై మూడో డబ్బా దగ్గర హాజ్జా ఆగింది. "ఇదేమిటి?"

"తాతగారి రహస్య చూర్డం," అన్నాడు తుల్బా, తాతనాటి సొట్ట డబ్బాను గుర్తుపట్టి గర్వంగా. దగ్గుకీ పడిశానికీ నీరసానికీ కొట్లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యేది అదే.

"వేయించిన ఖర్జూరం గింజల పొడి. ఇంకేమీ లేదు."

తుల్బా మొహం పాలిపోయింది. అందులో ఏముందో తాత చెప్పలేదు, తన ముక్కుకే అందనంత గొప్ప రహస్యమని అతనూ అడగలేదు.

అంతలో వెనకనుంచి మాస్టారు గట్టిగా అన్నాడు. "అయితే ఏం? మా ఇంట్లో పనిచేస్తుంది. ఒక పావు కట్టు."

"బాకూ!" అంది జనం. సాయంత్రానికి డబ్బా ఖాళీ.

ఆరేడు రోజులకు ఊళ్ళో ముక్కులన్నీ తెరుచుకున్నాయి. సోంపు కషాయం తాగినవాళ్ళవీ, జీలకర్ర తాగినవాళ్ళవీ, ఏదీ తాగకుండా పడుకున్నవాళ్ళవీ కూడా. తుల్బా ముక్కు ఆఖరున తెరుచుకుంది. హాజ్జా మాత్రం కొట్టు వదల్లేదు. రోజూ నది ఒడ్డున నడక ముగించుకుని తిన్నగా కొట్లోకొచ్చి, కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళను ముందు తిట్టి తర్వాత మందు చెబుతుంది. తిట్టు సరిగ్గా పడకపోతే పొట్లం పనిచేయదని బజారులో నమ్మకం కుదిరింది. జబ్బేమీ లేనివాళ్ళు కూడా పొద్దున్నే వచ్చి, రెండు తిట్లు తిని, తేలికపడి పనుల్లోకి పోతున్నారు.