అనసూయమ్మ గోలీలు

1984, శ్రావణ శుక్రవారం. వరంగల్ బట్టల షావుకారు భార్య అనసూయమ్మ దేవుని గదిలో దీపం వెలిగిస్తూ కొయ్యబారిపోయింది. ఆగిపోయి మూడేళ్లయిన ముట్టు మళ్లీ వచ్చింది!

"శకుంతలా, నాకు మల్ల ముట్టయిందే! ఏం రోగమచ్చెనో!"

కోడలు ఉరికొచ్చింది. "ఫికర్ జెయ్యకుండ్రి అత్తమ్మా. ఒంట్ల ఆవిర్లకు హార్మోన్ గోలీలు మింగుతాండ్రు గదా. వాటితోని మల్ల కనవడొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది."

రోగం కాదనేసరికి ప్రాణం లేచొచ్చింది. అలవాటుగా వంటింటివైపు నడిచింది. శకుంతల గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇటు రాకుండ్రి. వెనక వసారాల కూసోండ్రి," అంటూ ఒక సొట్టల కంచం కింద పెట్టి జరిపింది.

అనసూయమ్మ ఆ కంచాన్ని గుర్తుపట్టింది. కోడలు పెళ్లయి వచ్చిన నాటి నుంచీ నెలనెలా ఆమెను దూరం కూర్చోబెట్టి తాను అన్నం పెట్టిన కంచం అది.