సర్వరుకి ఊపిరాడని మధ్యాహ్నం

మధ్యాహ్నం రెండున్నరకి నరసాపురం లేసు సంఘం వెబ్‌సైటు ముక్కుతూ మూలుగుతూ తెరుచుకోవడం మొదలుపెట్టింది. మూడింటికి అదీ మానేసింది. సర్వరు ప్రాసెసరు మీద భారం నూటికి నూరు. క్రిస్టినా గడియారం చూసుకుంది.

నాలుగింటికి ఢిల్లీ ప్రదర్శన కమిటీవాళ్లు సైటు చూస్తారు. నచ్చితే సంఘానికి స్టాలు, తెరుచుకోకపోతే ఇంకో ఊరికి. పోయినేడు సైటే లేదని పక్కన పెట్టేశారు. "ఈసారి నేను తయారు చేస్తా చూడండి" అని గొప్పగా చెప్పింది క్రిస్టినాయే. ఒంటిచేత్తో చేసింది కూడా.

ఎవరొచ్చి ఏ పేజీ అడిగారో సర్వరు రాసిపెట్టుకునే లాగ్ ఫైలు తెరిచింది. ఒకే ఇంటర్నెట్ అడ్రసు నుంచి ఒకే పేజీ, సెకనుకి రెండు మూడుసార్లు. అదీ కొత్త పువ్వు డిజైను పేజీ.

సంఘం కార్యదర్శి విజయ్ పాల్ గారు వెనక నుంచి తొంగి చూశారు. "హ్యాకర్లేనంటావా అమ్మా?"

"మనిషన్నవాడు ఒకే పేజీని ఇన్నిసార్లు చూడడండి. ఎవరో ప్రోగ్రాం పెట్టి డిజైను కాజేస్తున్నారు."

"వాడి మొహం మండ! తలుపేసెయ్యి."

ఆ అడ్రసుని అడ్డుకుంది. రెండు నిమిషాల్లో భారం నాలుగుకి దిగింది. విజయ్ పాల్ గారు హుషారుగా టీ తెప్పించారు. క్రిస్టినా ఒక గుక్క తాగిందో లేదో ఫోను మోగింది. సీతారామపురంలో లేసు అల్లేవాళ్లందరికీ పెద్దదిక్కు, సూరమ్మ గారు.

"అమ్మాయ్, ఫోన్లలో పువ్వు మాయమైపోయిందేంటి? ఎనభై మందిమి చర్చి హాల్లో సూదులు పట్టుకుని కూర్చున్నాం."

"హాల్లోనా? ఇళ్లల్లో కాదా?"

"కొత్తగా వైఫై పెట్టించారు కదా. భోజనాలయ్యాక అందరం ఇక్కడికే వచ్చేశాం."

ఒకే వైఫై మీదుంటే ఎనభై ఫోన్లూ సర్వరుకి ఒకే అడ్రసుగా కనిపిస్తాయని క్రిస్టినాకి అప్పుడు తట్టింది. "ఫోను ఎలా వాడుతున్నారండీ?"

"ఎలా ఏంటమ్మా? ఒళ్లో పెట్టుకుంటాం. ఎడంచేతి వేలికి దారం, కుడిచేతిలో సూది. అరనిమిషానికి ఫోను ఆరిపోబోద్ది. చిటికెన వేలితో పైనుంచి కిందకి ఒక్క లాగు లాగామా, ఇంక ఆరదు. అందరికీ నేనే నేర్పా!"

లాగినప్పుడల్లా పేజీ కొత్తగా వస్తుంది. వచ్చినప్పుడల్లా సర్వరు ఆ పువ్వుని మొదటి ముడి నుంచి చివరి ముడి దాకా మళ్లీ గీస్తుంది. ఆ తెలివి క్రిస్టినాదే. ఎవరికి కావలసిన రంగులో వాళ్లు చూసుకోవచ్చని ముచ్చటపడి అలా రాసింది. దొంగా లేడు, దొరా లేడు. ఎవరికోసం సైటు చేసిందో వాళ్లనే బయటికి నెట్టి గడియ పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయింది.

సంగతి చెబితే సూరమ్మ గారు నొచ్చుకుంది. "అయ్యో, మేం లాగితే అంత బరువా? పోనీలే, నాలుగు దాటాకే అల్లుకుంటాం."

"వద్దండీ. కాసేపు ఓపిక పట్టండి."

"కమిటీవాళ్లు చూశాక తెరవొచ్చు కదమ్మా" అని గొణిగారు విజయ్ పాల్ గారు. క్రిస్టినా వినిపించుకోలేదు. ఒక్కో రంగులో పువ్వుని ఒక్కసారే గీసి దాచిపెట్టి, ఎవరడిగినా ఆ బొమ్మే ఇచ్చేలా మార్చింది. నాలుగింటికి పది నిమిషాలుందనగా అడ్డు తీసేసింది. భారం పది, పదిహేను, పద్దెనిమిది దగ్గర ఆగింది. అమ్మయ్య అనుకుంది.

సరిగ్గా నాలుగింటికి లాగ్ ఫైల్లోకి ఢిల్లీవాళ్లు వచ్చారు. ఆ క్షణమే చర్చి హాలు అడ్రసు మాయమైంది. ఒక్కటంటే ఒక్క వరస లేదు. మళ్లీ ఏం చెడిందోనని కంగారుగా ఫోను చేసింది.

"పువ్వు కనిపించడం లేదాండీ?"

"కనిపిస్తానే ఉందమ్మా" అంది సూరమ్మ గారు గుసగుసగా. "నాలుగైంది కదా, అందరం ఫోన్లు బోర్లా పెట్టేశాం. వాళ్లు చూసేదాకా నీ సైటుని ముట్టుకోం."

బాగుచేశాను, ఇంక ఫర్వాలేదు అని చెప్పబోయి ఆగింది. అంతమంది ఉన్న హాల్లో చిన్న దగ్గు కూడా వినిపించడం లేదు. క్రిస్టినా ఫోను పెట్టేయకుండా అలాగే చెవికి ఆనించుకుని, ఢిల్లీవాళ్లు ఒక్కో పేజీ తిరగేయడం చూస్తూ కూర్చుంది.

నాలుగూ ఇరవైకి మెయిలొచ్చింది.

"సూరమ్మ గారూ, స్టాలు మనకేనండీ!"

"ఇంకా చూస్తారేంటే, లాగండి!" అని ఆవిడ హాలు అదిరేలా కేకేసింది.