నెమలిగుట్ట వాలు

ఆదివారం పొద్దున ఐదున్నరకల్లా ఫ్లోరెన్స్ కోడికూర దించి, అన్నానికి బియ్యం కడిగిపెట్టి, పిల్లలు చర్చికి వేసుకుపోయే బట్టలు ఇస్త్రీ చేస్తోంది. "నేనేమన్న వద్దన్ననా? వండి పెట్టి పో," అని నిన్ననే పెద్ద మనసు చేసుకున్నాడు భర్త శాలేమ్‌రాజు. పదమూడేళ్ళ కాపురంలో ఆయన దేనికీ వద్దనలేదు. వద్దంటే కనీసం పోట్లాడొచ్చు. ఆయన ఒప్పుకున్న ప్రతిదాని వెనకా నాలుగు పనులు ఉండేవి, అవి పూర్తయ్యేసరికి వెళ్ళాల్సిన వేళ దాటిపోయేది. అత్త విశ్రాంతమ్మ మాత్రం మొహం మీదే అడిగింది: "ఆరాధన మానుకొని గుట్టలెక్కుడేందే? ఆడిదానికి రాళ్ళతోని ఏం పని?"

రాళ్ళతోనే ఆమె పని. జియాలజీలో ఎమ్మెస్సీ చేసి, కొత్తగూడెంలో ఒక ప్రైవేటు సర్వే ఆఫీసులో జియాలజిస్టుగా చేరింది. మొదటి కాన్పయ్యాక తిరిగి వచ్చేసరికి ఆమె సుత్తి, దిక్సూచి వేరేవాళ్ళ బీరువాలో ఉన్నాయి. "పాలు తాగే పిల్ల ఉన్నది, ఎండల్ల మీకెందుకు మేడం," అన్నాడు మేనేజరు జగదీష్ దయగా. ఆ పాపకిప్పుడు పదేళ్ళు. జగదీష్ దయ ఇంకా తీరలేదు. మగవాళ్ళు గోనెసంచుల్లో రాళ్ళు తెస్తారు. ఆమె వాటికి నంబర్లు వేసి, వాళ్ళు తెచ్చిన కొలతలు సరిచూసి రిపోర్టు రాస్తుంది. కింద జగదీష్ సంతకం పెడతాడు.

ఇప్పుడు ఊళ్ళోని ఇంజనీర్లు, గని సర్వేయర్లు, ఆర్కిటెక్టులు కలిసి ములకలపల్లి దగ్గరి నెమలిగుట్ట ఎక్కి రాళ్ళ చరిత్ర తెలుసుకుందామనుకున్నారు. దారి పొడుగునా వివరించేది జగదీష్. అందరి చేతికీ ఇచ్చే ఎనిమిది పేజీల పుస్తకం రాసింది ఫ్లోరెన్స్. గుట్ట మీద ఆమెకు అప్పజెప్పింది మాత్రం హాజరు, మంచినీళ్ళు, మధ్యాహ్న భోజనం. "లేడీస్ గూడ వస్తున్నరు, మీరుంటే వాళ్ళకి మంచిగుంటది," అన్నాడు జగదీష్. ఆమె మారుమాట లేకుండా ఒప్పుకుంది. గుట్ట ఎక్కి పదేళ్ళయింది. నీళ్ళ సీసాలు మోస్తూ ఎక్కమన్నా ఎక్కుతుంది.

ముప్పైమంది దాకా వచ్చారు. గుట్ట కిందే ఉన్న చిన్న కోయగూడెం, గుంపంటారు, అందులోంచి జంపక్క అనే యాభయ్యేళ్ళావిడను దారి చూపడానికి పిలిచారు. పిలిచి, నీళ్ళ క్యాను నెత్తికెత్తి వెనక నడవమన్నారు. మొదటి మజిలీలో బండ మీద చిన్న చిన్న అలల గుర్తులున్నాయి. అందరూ ఫోటోలు దిగి పైకి వెళ్ళాక ఫ్లోరెన్స్ ఒక్కతే వంగి, వాటి మీద అరచెయ్యి ఆనించింది. కడుపు నిండినట్టయింది.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా?" అంది జంపక్క.

"ఎన్నడో ఇక్కడ నీళ్ళు పారినయక్కా. ఆ అలలే గిట్ల రాయైనయ్."

జంపక్క ఒక నిమిషం ఆమె మొహంలోకి చూసింది. "రాళ్ళ సంగతి తెలిసినదాని లెక్కనే ఉన్నవ్. ఇటు రా, ఒకటి సూపిస్త. మొన్నటి వానలకు నేల పగిలింది. ఎవలికి చెప్పినా ఇంటలేరు."

పక్కకు తీసుకెళ్ళింది. తునికి చెట్ల మధ్య, వాలుకు అడ్డంగా, పిడికిలి పట్టేంత చీలిక. ముప్పై అడుగుల పొడుగు ఉంటుంది. ఫ్లోరెన్స్ కట్టె దింపితే, పట్టుకున్న చెయ్యి కూడా మోచేతి దాకా దిగింది. కిందికి చూసింది. రాతి పొరలన్నీ రోడ్డు వైపే వాలి ఉన్నాయి. రోడ్డు అవతల జంపక్క వాళ్ళ గుంపు, ఇరవై ఇళ్ళ కప్పులు.

ఆరు నెలల కింద ఈ రోడ్డు వెడల్పు చెయ్యడానికి రిపోర్టు రాసింది తనే. పొరలు రోడ్డు వైపు వాలినట్టున్నాయి, గుట్ట పాదం తవ్వేముందు మళ్ళీ చూడాలి, అని రాసింది కూడా. "ఫీల్డు చూడనోళ్ళు డౌట్లు రాయొద్దు మేడం," అన్నాడు జగదీష్. ఫీల్డుకు పంపనిదెవరని అడగాలనిపించింది. ఆ రోజు చిన్నవాడికి జ్వరం. "నువ్వు జల్దీ రా, నాకు మీటింగుంది," అని శాలేమ్‌రాజు మూడుసార్లు ఫోన్ చేశాడు. వాదించడానికి అరగంట కావాలి. ఆ అరగంట ఆమె దగ్గర లేదు. ఆ వాక్యం తీసేసి బస్సుకోసం పరుగెత్తింది.

పైకి వెళ్ళేసరికి జగదీష్ ఒక బండ మీద నిలబడి చెబుతున్నాడు. "ఇది గట్టి ఇసుకరాయి. కింద నిలువునా కోసినా ఏం కాదు." రోడ్ల శాఖ ఏఈ సోని అనే అమ్మాయి తలూపుతూ రాసుకుంటోంది. రోడ్డు కోసం గుట్ట కోసే పని వచ్చే నెలలోనే.

"కాదు సార్," అంది ఫ్లోరెన్స్. బండ దగ్గరికి వచ్చింది. మళ్ళీ అంది. "అట్ల కొయ్యొద్దు."

జగదీష్ నవ్వాడు. "మేడం, భోజనాలొచ్చినయేమో చూడండి."

"పన్నెండున్నరకు వస్తయ్ సార్. ముందు ఇది చూడండి."

భుజాన ఉన్న సంచిలోంచి సీసా తీసి నీళ్ళు బండ మీద పోసింది. నీళ్ళు పొర వాలునే జరజరా పారి రోడ్డు వైపు అంచు దాటి పడిపోయాయి. రెండు పొరల మధ్య బూడిదరంగులో ఉన్న మెత్తని మట్టిరాయి గీకి, తడిపి, సోని అరచేతిలో పెట్టింది. సోని వేళ్ళతో రుద్ది చూసింది. సబ్బులా జారింది.

"వానకు ఇది తడిస్తే పైపొర జారుతది. ఇప్పుడు దాన్ని ఆపుతున్నది కింద ఉన్న పాదమే. మీరు కోసేది ఆ పాదాన్ని. పైన అప్పుడే చీలిక పడ్డది, ఈ అక్క చూపించింది."

"రిపోర్టుల ఈ ముచ్చట లేదు కదా," అంది సోని. "రాసిందెవరు?"

జగదీష్ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. జగదీష్ తీయించాడని సగమే చెప్పి ఫ్లోరెన్స్ ఒడ్డెక్కొచ్చు. కానీ తను తీసేసిన వాక్యం కింద ఇరవై ఇళ్ళున్నాయి.

"నేనే రాసిన. ఈ మాట గూడ మొదట రాసిన. సార్ తీసెయ్యమన్నడు, తీసేసింది మాత్రం నేనే."

అందరూ చీలిక దగ్గరికి నడిచారు. ఈసారి నీళ్ళ క్యాను ఒక సర్వేయరు పట్టుకున్నాడు, జంపక్క ముందు నడిచింది. సోని అక్కడే నిలబడి పై ఆఫీసరుకు ఫోన్ చేసింది. మళ్ళీ కొలతలు తీసేదాకా పని ఆపమన్నారు.

"మా ఫీల్డ్ టీమును పంపిస్త," అన్నాడు జగదీష్.

"ఈ మేడమే రావాలె సార్," అంది సోని.

"ఆమెకు ఇంట్ల పిల్లలు, ఇబ్బంది..."

"నాకేం ఇబ్బంది లేదు సార్," అంది ఫ్లోరెన్స్. "రేపు ఏడింటికల్లా ఇక్కడుంట."

జగదీష్ దగ్గరికొచ్చి, "ఆఫీసుల మాట్లాడుదాం," అన్నాడు మెల్లగా. ఉద్యోగం పోతుందేమో. ఆ భయం నిజమే. అయినా దానికంటే జంపక్కతో చెప్పాల్సిన మాట ముందుంది. "అక్కా, గట్టి వాన మొదలైతే ఇండ్లల్ల ఎవరూ ఉండొద్దు. అందర్నీ వాగవతల బడిలకు తోలుకపో."

"అవ్," అంది జంపక్క. వెంటనే అంచు దాకా వెళ్ళి, కింద కట్టెలేరుతున్న ఆడవాళ్ళకు కోయ భాషలో ఆ మాట గట్టిగా అరిచి చెప్పింది.

ఫ్లోరెన్స్ ఇంటికి ఫోన్ చేసింది. "రేపటి నుంచి వారం రోజులు నాకు గుట్ట మీద పనుంది. పొద్దున్నే పోత, పొద్దుగూకినంక ఇంటికొస్త."

"ఏందట?" అని అత్త గొంతు దూరంగా వినిపించింది.

"అడుగుతున్నవా, చెప్తున్నవా?" అన్నాడు శాలేమ్‌రాజు.

"చెప్తున్న."

అటువైపు ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.

"బస్సెన్నింటికి?" అన్నాడు.

"ఐదున్నరకు," అని చెప్పి, ఫోన్ సంచిలో వేసుకుని, సర్వేయరు దగ్గర టేపు అడిగి తీసుకుంది. ఒక కొస జంపక్క చేతికిచ్చి, రెండోది పట్టుకుని చీలిక వెంట నడిచింది.