అన్నం వేళ చెప్పని మాట

నేనొక లౌడ్ స్పీకర్ని. పెసలంకలో అందరూ నన్ను మైకు అనే పిలిచారు గానీ, మైకు వేరు, నేను వేరు. అది లోపల బల్ల మీద సుఖంగా కూర్చుంటుంది. నేను డాబా మీద ఎండలో, వానలో నిలబడి అరవాలి. బాగా మాట్లాడారని మెప్పు వస్తే దానికి, చెవులు చిల్లులు పడుతున్నాయని తిట్లు వస్తే నాకు. ఇప్పుడు బడి స్టోరు గదిలో విరిగిన బెంచీల మీద బోర్లా పడి ఉన్నాను. వార్తలు ఫోన్లలో వెళుతున్నాయట, నాకు కావలసినంత తీరిక దొరికింది.

నన్ను బెజవాడలో ఒక రేకుల షెడ్డులో అల్యూమినియం రేకు ఒత్తి తయారు చేశారు. మొదట కొన్నవాడు కడలి నాగన్న, మండల కేంద్రంలో సౌండ్ సర్వీసు నడిపేవాడు. ఆయన దగ్గరున్నప్పుడు నేను చూడని మనిషి లేడు. పెళ్లిళ్లలో చదివింపులు చదివేటప్పుడు పెద్ద మొత్తం ఇచ్చినవాళ్ల పేరు రెండుసార్లు పలికాను, మిగతావాళ్ల పేర్లు గబగబా మింగేశాను. ఎన్నికలప్పుడు పొద్దున ఒక పార్టీ జీపు మీద, సాయంత్రం ఇంకో పార్టీ జీపు మీద ఊరేగాను. రెండు పూటలా ఒకే రోడ్డు వేయిస్తామన్నారు. ఆ రోడ్డు గోతుల్లోనే జీపు కుదిపితే కిందపడి నా అంచు సొట్టపోయింది.

తర్వాత నిలువెత్తు స్పీకరు బాక్సులు వచ్చాయి. నాగన్న నన్ను తన మనవరాలు చదివే పెసలంక ప్రాథమిక పాఠశాలకు విరాళంగా ఇచ్చాడు. పాత ఇనప సామాన్లవాడు ఎంతిస్తాడో కనుక్కున్నాకే ఆయనకీ దాతృత్వం పుట్టిందని నాకు తెలుసు. అయినా నా మీద ఎర్ర రంగుతో 'కడలి నాగన్న గారి సౌజన్యం' అని రాయించాడు. 'పాఠశాల' అని రాయడానికి చోటు మిగల్లేదు.

బడి హెడ్మిస్ట్రెస్ హైమవతి టీచరు. నలభై దాటిన మనిషి, బడి వెనక వీధిలోనే కాపురం. గోదావరి పాయ మధ్య ఉన్న లంక ఊరు కదా, మగవాళ్లు కొబ్బరి దింపులకూ, ఆడవాళ్లు పీచు మిల్లుకూ పోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకే ఇళ్లు చేరతారు. తల్లిదండ్రుల సమావేశం పెడితే ముగ్గురు వచ్చేవారు, అందులో ఒకరు దారి తప్పి వచ్చినవారు. అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. రోజూ రాత్రి అన్నాల వేళకు బడికి వచ్చి నా ద్వారా బడి వార్తలు చదివేది. కంచం ముందు కూర్చున్నవాడు ఎక్కడికీ పోలేడని ఆవిడ లెక్క.

"మూడో తరగతి చరణ్ తేజ ఈ రోజు ఎవరివో చెప్పులు తొడుక్కుని ఇంటికి వెళ్లాడు. దయచేసి రేపు పంపగలరు. ఐదో తరగతి పిల్లలు తోటలో వేసిన గోంగూర మధ్యాహ్న భోజనంలోకి వచ్చింది, అందరూ బాగుందన్నారు." ఇలా సాగేది. చివర్లో ఆరోగ్య సూచన ఒకటి. గోళ్లు కత్తిరించండి, నీళ్లు మరగబెట్టండి, జ్వరం వస్తే నాటు మందులతో కాలక్షేపం చేయకండి. మొదట్లో జనం నవ్వుకున్నారు. కొన్నాళ్లకు ఏ పూటైనా కరెంటు పోయి నేను మోగకపోతే, ఈ రోజు వార్తల్లేవా అని అడగడం మొదలుపెట్టారు. మనిషికి తన పిల్లాడి పేరు గాల్లో వినిపిస్తే కలిగే సంతోషం అంతా ఇంతా కాదు.

ఒకసారి ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చి పిల్లలందరికీ వేలి చివర రక్తం తీసి చూసింది. కొందరికి రక్తం తక్కువ. అందరిలోకీ బాగా తక్కువ నాలుగో తరగతి యామినికి. ఆ పిల్ల కళ్ల కింది రెప్పలు లోపల కాగితంలా తెల్లగా ఉండేవి. ప్రార్థన వరసలో నిలబడలేక కూలబడేది. బలపాలు కొరుక్కుని తినేది, తిట్టినా మానేది కాదు. అది కొంటెతనం కాదు, రక్తం లేకనే అని నర్సు చెప్పింది. ఐరన్ మాత్రలు ఇచ్చి, ఇలాగే వదిలేస్తే పిల్ల గుండె మీద పడుతుందని హెచ్చరించింది. ఏమేం చెప్పాలో హైమవతి టీచరుకు వివరంగా చెప్పి వెళ్లింది.

ఆ రాత్రి ఆవిడ చక్కగా చెప్పింది. అన్నం తిన్నాక వేయండి, నిమ్మకాయ నీళ్లతో అయితే మరీ మంచిది, టీతో వద్దు. అంతవరకూ చెప్పి ఆగింది. ఇంకో మాట మిగిలింది. ఈ మాత్రలు వేసుకుంటే దొడ్డికి నల్లగా అవుతుంది, కంగారు పడొద్దు అని. ఆవిడ గోడ గడియారం వైపు చూసింది. ఊరంతా ముద్ద నోట్లో పెట్టుకునే వేళ. ఆ మాట మైకులో ఎలా అంటాం? 'నమస్కారం' అని కట్టేసింది. కలిసినప్పుడు తల్లులకు చెబుదాంలే అనుకుంది. మర్యాద గల మనిషి. మర్యాదలతోనే ఎక్కువ చిక్కు వస్తుందని నాకు జీపు మీద తిరిగిన రోజుల్లో తెలియదు.

యామిని తల్లి పల్లాలమ్మ పీచు మిల్లులో పనిచేసేది. నా మాట ఆవిడకు వేదవాక్కు. నిమ్మకాయ కొని మరీ పిల్లకు మాత్ర వేసింది. నాలుగు రోజులకు పిల్ల నల్లగా వెళ్లడం చూసింది. చూసి అక్కడే కూలబడిపోయింది. రెండేళ్ల కిందట ఆవిడ భర్తకూ అలాగే అయింది. నెల తిరక్కుండా పోయాడు.

ఆవిడ మాత్రలు తీసుకెళ్లి కాలవలో విసిరేసింది. మిల్లులో ఆ సంగతి చెప్పింది. మిగతా తల్లులూ తమ పిల్లల్ని చూసుకున్నారు, వాళ్లూ విసిరేశారు. యామిని బడి మానేసింది. బడిలో పిల్లలకు ఏదో పెట్టేస్తున్నారనే మాట లంకంతా చుట్టి, ఆఖరికి ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటేసుకుని బడికి వచ్చింది.

హైమవతి టీచరు పల్లాలమ్మ ఇంటికి పరుగెత్తింది. వాళ్లిల్లు బడి ప్రహరీ పక్కనే, డాబా మీద నాకు ప్రతి మాటా వినిపించింది. ఇది మందు రంగేననీ, భయం లేదనీ ఆవిడ చెప్పుకుపోతూనే ఉంది. పల్లాలమ్మ కదల్లేదు.

"మీరు మైకులో అన్నీ చెప్తారండి. చెప్పులు మారిపోతే అదీ చెప్తారు. ఇది మాత్రం చెప్పలేదండి."

"అన్నాల వేళ కదమ్మా, బాగోదని..."

"ఇప్పుడు ఇంటికొచ్చి చెప్తున్నారు. పిల్లకేదో అయిపోతే నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పారనుకుంటానండి. ఊరంతా వినేట్టు చెప్పండి. తప్పైతే ఊరంతా మిమ్మల్ని అడుగుద్ది కదండీ. అప్పుడు నమ్ముతాను."

ఆ రాత్రి హైమవతి టీచరు బల్ల ముందు కూర్చుంది. ముందు 'మలము' అంది. తర్వాత 'విసర్జన' అంది. నా గొంతులోంచి పోయిన మాటల్లో అంత దిక్కుమాలినవి వేరే లేవు. తర్వాత ఆవిడ కళ్లు మూసుకుంది.

"అమ్మల్లారా, ఈ మాత్రలు వేసుకున్నన్నాళ్లూ పిల్లలు దొడ్డికి నల్లగా వెళ్తారు. అది మందు రంగు. ప్రమాదం లేదు. మాత్రలు వేసుకోకుండా ఎవరికైనా అలా అయితే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ మాట నేను మొదటి రోజే చెప్పాల్సింది. సిగ్గుపడి చెప్పలేదు. తప్పు నాది."

ఏదో ఇంట్లో కంచం నెట్టిన చప్పుడు. ఎక్కడో ఒక ముసలాయన గట్టిగా నవ్వాడు, తర్వాత దగ్గాడు. మర్నాడు కొందరు తల్లులు మళ్లీ మాత్రలు పట్టుకెళ్లారు. పల్లాలమ్మ రాలేదు. హైమవతి టీచరు ఆ రోజంతా గేటు వైపే చూస్తూ పాఠం చెప్పింది. నాకు మనుషుల మీద పెద్ద మమకారం లేదు, అయినా నేనూ ఆ వైపే చూశాను.

వార్తల వేళకు పల్లాలమ్మ వచ్చింది, పిల్ల చెయ్యి పట్టుకుని. మాత్రలు అడుగుతుందనుకున్నాను. "నేనో మాట మాట్లాడతానండి," అని మైకు ముందు నిలబడింది. మైకును ఎంత దూరంలో పెట్టుకోవాలో తెలియదు, దాదాపు ముద్దు పెట్టుకున్నంత దగ్గరగా జరిగింది.

"నేను పల్లాలమ్మనండి. మాత్రలు పారేయమని మిల్లులో చెప్పింది నేనేనండి. మా ఆయనకి నల్లగా ఎల్లినప్పుడు ఆయన నాకొక్కదానికే చెప్పాడండి. ఎవరికీ చెప్పొద్దన్నాడు, పరువు పోద్దన్నాడు. నాకూ సిగ్గేసి ఊరుకున్నానండి. నర్సమ్మ రోజూ మా వీధంటే ఎల్లేది. ఒక్క మాట అడగలేదండి నేను." పిల్లను దగ్గరికి లాక్కుంది. "నిన్న టీచరు గారు చెప్పింది ఇన్నాకే తెలిసిందండి, ఆసుపత్రికి తీసుకెళ్లాలని. మీ ఇళ్లల్లో ఎవరికేం వచ్చినా చెప్పండి. అన్నం తింటున్నా చెప్పండి."

తర్వాత ఆవిడకు మైకు ఆపడం తెలియలేదు. హైమవతి టీచరుకు ఆపడం గుర్తు రాలేదు. టీచరు చేతికిచ్చిన మాత్రల అట్ట చిటుక్కుమన్న చప్పుడు, గ్లాసు చప్పుడు, చిన్న గొంతులోంచి దిగిన గుటక, అన్నీ నాలోంచి లంకంతా పోయాయి.

"మింగేశావా?" అంది పల్లాలమ్మ.

"మింగేశానమ్మా," అంది యామిని.