పెద్దమ్మ పేరున్న సర్వర్

ఆ ఆస్పత్రికి పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేది చిట్టి. వచ్చీ రాగానే సర్వర్ గదిలో ఏసీ చూసుకుంటుంది, రాత్రి బ్యాకప్ సరిగ్గా అయిందో లేదో చూసుకుంటుంది, ఆ తర్వాతే టీ. రోగుల వివరాలు, రిపోర్టులు దాచే డేటాబేస్ సర్వర్ పేరు పెద్దమ్మ. రిజిస్ట్రేషన్ కౌంటర్లో కూర్చునే పెద్దమ్మ పేరే దానికి పెట్టారు. ఆస్పత్రంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది గానీ చిట్టికి మాత్రం ఆవిడ నిజంగానే పెద్దమ్మ, అమ్మకి సొంత అక్క.

సర్వర్‌కి ఎవరి పేరు పెడితే, దాన్లోకి ఎక్కే ప్రతి రిపోర్టూ ఆ మనిషికి తెలిసిపోతుంది. అక్కడ అదంతే. ఒకసారి మనిషి పేరు వద్దని అంకెలు పెట్టి చూశారు. ఆ మహాతల్లి సర్వర్ అందరి జ్వరాల అంకెలూ తీసుకెళ్లి బరువుల అంకెల్లో కలిపేసింది.

ఇప్పుడు పెద్దమ్మే పై అంతస్తులో మంచం మీద ఉంది. గొంతులో గడ్డ. ముక్క తీసి ల్యాబుకి పంపారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రిపోర్టు ఎక్కిస్తామన్నారు.

"ఏమే చిట్టీ, అది ఎక్కేలోపు నా పేరు తీసెయ్యవే," అంది పెద్దమ్మ, చెయ్యి పట్టుకుని. "ఎవరికేం వచ్చిందో వాళ్లకంటే ముందు తెలుసుకుని తెలుసుకుని నా ప్రాణం విసిగిపోయింది. కంటినిండా నిద్రపోయి ఎన్నేళ్లయిందో! నా సంగతైనా డాక్టరు చెప్పేదాకా నాకు తెలీకుండా ఉండనీ."

చిట్టికి ఏడుపొచ్చింది. ఏడవడానికి టైమేదీ?

కొత్త పేరుకి లోటు లేదు. "నా పేరు పెట్టేయండి, నేనున్నాగా!" అని నిన్ననే ఆస్పత్రి నడిపే పెద్దసారు అందరి ముందూ గుండెల మీద చెయ్యేసుకుని చెప్పాడు. చిట్టి పని మొదలుపెట్టింది. పేరు మార్చడమంటే పైన చీటీ మార్చినంత తేలిక కాదు. సర్వర్ తన లోపల తనని ఏమనుకుంటోందో అక్కడ కూడా పాతది తీసి కొత్తది రాయాలి. కౌంటర్లలో కంప్యూటర్లన్నిటికీ ఇకమీదట దీన్ని ఏ పేరుతో పిలవాలో చెప్పాలి. ఆఖరున సర్వీసు ఆపి మళ్లీ మొదలెడితేగానీ ఏదీ అమల్లోకి రాదు.

పాత పేరు తీసేసి సర్వీసు ఆపేసరికి పెద్దసారు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అమ్మాయ్, మా ఇంట్లో ఒప్పుకోవడం లేదు. వచ్చే వారం చూద్దామా?"

"సార్, మధ్యలో ఉన్నాను! కౌంటర్లన్నీ ఆగిపోయాయి."

"అయితే పాతదే పెట్టెయ్," అనేసి ఫోను చెవికి పెట్టుకుని బయటికి జారుకున్నాడు. ఛీ, ఏం మనిషి!

కింద కౌంటర్ దగ్గర జనం అరుస్తున్నారు. ల్యాబు నుంచి ఫోనొచ్చింది. "ఏంటమ్మా, ఇంకెంతసేపు? మీ పెద్దమ్మగారిది రెడీగా ఉంది, ఎక్కించనా?"

"ఒక్క నిమిషం అన్నా," అంది చిట్టి.

ఎవరినడుగుతుంది? అడిగితే మాత్రం ఎవరొప్పుకుంటారు? పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. పాత పేరు రాయడానికి చేతులు రాలేదు. కళ్లు మూసుకుని తన పేరే టైపు చేసేసింది. సర్వీసు మొదలైంది.

మొట్టమొదట వచ్చింది పెద్దమ్మదే. మంచి గడ్డ కాదు. ఎవరూ చెప్పలేదు, తెర మీద చూడనూ లేదు. తెలిసిపోయిందంతే. చిట్టి గోడ పట్టుకుని నిలబడింది. ఆ వెనకే ఎవరిదో గుండె, ఎవరో పసిపిల్ల రక్తం, ఇంకెవరిదో కిడ్నీ, వరసగా వస్తూనే ఉన్నాయి. మొహం కడుక్కుని పైకి వెళ్లింది.

పెద్దమ్మ అప్పుడే నిద్ర లేచింది. బుగ్గ మీద దిండు ముడతల అచ్చులున్నాయి.

"ఒసే, హాయిగా పడుకున్నానే! నా రిపోర్టు వచ్చిందో లేదో కూడా నాకు తెలీదు, చూశావా!" అని చిన్నపిల్లలా నవ్వింది. "ఇంతకీ ఎవరి పేరు పెట్టారు?"

"పెద్దసారుది."

"అయ్యో పాపం, పిల్లలున్నవాడు. ఇంక ఆయనకి నిద్ర ఉండదు," అంది పెద్దమ్మ, నిజంగానే బాధపడుతూ.

"ఆయన సంగతి నీకెందుకు? నువ్వు పడుకో," అని చిట్టి దుప్పటి పైకి లాగి కప్పింది.